కాఫీకి ఏ నీళ్లు? బోరు, కొళాయి, ఆర్ఓ, క్యాన్, సాఫ్ట్‌నర్: ఎవరికి ఏది సరిపోతుంది

కాఫీ రుచి చెడితే ముందు పొడిని తిడతాం, తర్వాత పాలవాడిని అనుమానిస్తాం. నీళ్ల మీదకు అనుమానం అన్నింటికన్నా ఆఖరున పోతుంది. అదీ కెటిల్ అడుగున తెల్లటి పెచ్చులు కనిపించినప్పుడో, వేలు పోసి కొన్న ఎస్ప్రెసో మెషీన్ మూలిగినప్పుడో. అప్పుడు అందరూ ఒకటే అడుగుతారు: ఆర్ఓ పెట్టించాలా, నీటి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ కొనాలా, క్యాన్ నీళ్లు చాలా?

మీరు తాగేది చికోరీ, పాలు కలిసిన కాఫీనా, పాలు లేని నల్ల కాఫీనా? నీళ్లు మరిగేది మామూలు గిన్నెలోనా, ఆవిరి బాయిలర్ ఉన్న మెషీన్‌లోనా? ఈ రెండూ తేలితే సగం నిర్ణయం అయిపోయినట్లే. నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామంది అవసరానికి మించిన యంత్రం కొంటారు. కొలవవలసినదాన్ని మాత్రం కొలవరు.

## టీడీఎస్ అంకె ఎందుకు చాలదు

పెన్ను ఆకారంలో చవకగా దొరికే టీడీఎస్ మీటరు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఆర్ఓ అమ్మడానికి వచ్చినవారు గ్లాసులో ముంచి చూపించేది అదే. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకత. దాని నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఆ లవణాలు ఏవో దానికి తెలియదు. ఒకే అంకె చూపించే రెండు గ్లాసుల్లో ఒకదానిలో ఎక్కువగా కాల్షియం బైకార్బనేట్ ఉండవచ్చు, రెండోదానిలో మామూలు ఉప్పు ఉండవచ్చు. మొదటిది కెటిల్‌కు పొర కట్టిస్తుంది. రెండోది పొర కట్టదు, కానీ నాలుకకు ఉప్పగా తగులుతుంది, అందులోని క్లోరైడ్ స్టీలు బాయిలర్లను సైతం మెల్లగా తినేస్తుంది.

కాఫీకి నిజంగా తెలియవలసిన అంకెలు రెండు.

కాఠిన్యం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం. సబ్బు నురగ రాకపోవడానికి, గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టడానికి కారణం ఇదే.

క్షారత. ముఖ్యంగా బైకార్బనేట్లు. కాఫీ రుచిని పాడుచేసే విషయంలో దీనిదే పెద్ద చెయ్యి, దీని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. చింతపండు పులుసులో చిటికెడు వంటసోడా పడితే పులుపు ఎలా చస్తుందో, క్షారత ఎక్కువైన నీళ్లలో కాఫీ పులుపు అలాగే చస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికాను తేలికగా వేయిస్తే అందులో పండు వాసన, సన్నటి పులుపు ఉంటాయి. బోరు నీళ్లు పోస్తే అవి మాయమై చప్పటి చేదు మిగులుతుంది. క్షారత మరీ తక్కువైతే ఎదురు తిరుగుతుంది, కాఫీ పుల్లగా, పదునుగా తగులుతుంది.

వీటిని కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు. చేపల తొట్టెల సామాను అమ్మే దుకాణాల్లో జీహెచ్, కేహెచ్ అనే చుక్కల కిట్లు దొరుకుతాయి. జీహెచ్ కాఠిన్యానికి, కేహెచ్ క్షారతకు. చాలా కిట్లలో 5 మిల్లీలీటర్ల నీటిలో చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. ఒక్కో చుక్క ఒక జర్మన్ డిగ్రీ, అంటే లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాములు. ఈ వ్యాసంలోని కాఠిన్యం, క్షారత అంకెలన్నీ కాల్షియం కార్బనేట్ లెక్కలో, లీటరుకు మిల్లీగ్రాములు.

ఎంత ఉండాలి? స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ ప్రమాణంలో క్షారత 40 దగ్గర, కాల్షియం కాఠిన్యం 68 దగ్గర, మొత్తం లవణాలు 150 దగ్గర ఉండాలని ఉంది. లవణాలు 75 నుంచి 250 వరకు ఉన్నా ఫరవాలేదు. క్లోరిన్ అసలు ఉండకూడదు. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మాత్రం కాఠిన్యం, క్షారత రెండింటినీ 200 వరకు ఆమోదిస్తుంది, వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా అనుమతిస్తుంది. ఆరోగ్యానికి ఏ లోటూ లేని నీళ్లు కాఫీకి పనికిరాకపోవడం ఇలాగే జరుగుతుంది.

మెగ్నీషియం గురించి ఒక మాట. 2014లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్, ఇద్దరు కాఫీ నిపుణులతో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. కాఫీ రుచినిచ్చే పదార్థాలను మెగ్నీషియం అయాన్లు బలంగా పట్టుకుంటాయని అందులో తేలింది. అప్పటి నుంచి మెగ్నీషియం కలిపిన నీళ్లకు గిరాకీ పెరిగింది. అది కంప్యూటర్ మీద చేసిన గణన, కప్పులో రుచి చూసి తేల్చినది కాదు. మన ఇళ్లలో క్షారతను దారిలో పెట్టకుండా మెగ్నీషియం వెంట పరుగెత్తడం తొందరపాటే.

## పొర ఎక్కడ కడుతుంది

చాలా పదార్థాలు వేడి నీటిలో ఎక్కువ కరుగుతాయి. కాల్షియం కార్బనేట్ మాత్రం వేడెక్కితే బయటపడుతుంది. కాబట్టి నీళ్లు ఎక్కడ మరిగితే పొర అక్కడ కడుతుంది.

మన డికాక్షన్ ఫిల్టరులో నీళ్లు మరగవు, మరిగిన నీళ్లు పోస్తాం. అందుకే ఫిల్టరుకు పొర భయం దాదాపు లేదు, నష్టమంతా కెటిల్‌కో గిన్నెకో. ఫిల్టరు చిల్లులు మూసుకుపోయాయంటే దానికి కారణం సన్నటి పొడి, కాఫీ జిడ్డు. స్టీలు ఫిల్టరయితే పై గిన్నెను స్టవ్ మంట మీద కాసేపు కాల్చి, చల్లారాక తోమితే సరి. అక్కడ నీళ్ల చికిత్స అవసరమే లేదు.

స్టవ్ మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దింపే మోకా పాట్ సంగతి వేరు. అడుగు గిన్నెలో నీళ్లు మరుగుతాయి, దానికే భద్రతా వాల్వు ఉంటుంది. పొర కట్టి ఆ వాల్వు బిగుసుకుపోతే లోపల పీడనం పెరిగి ప్రమాదం. కాఠిన్యం ఎక్కువ ఉన్న ఊళ్లో మోకా వాడేవారు ఆ వాల్వు కదులుతోందో లేదో తరచూ చూసుకోవాలి.

అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతినేది ఎస్ప్రెసో మెషీన్‌లోని ఆవిరి బాయిలర్. ఆవిరిగా పోయేది శుద్ధమైన నీరు, లవణాలన్నీ వెనకే మిగిలిపోతాయి. మళ్లీ నీళ్లు నిండుతాయి, మళ్లీ ఆవిరి పోతుంది, లోపలి నీళ్లు నెలనెలా చిక్కబడతాయి. ఒక లెక్క చూడండి. బైకార్బనేట్‌తో ముడిపడిన కాఠిన్యం 300 ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు వాడితే, అదంతా పేరుకుంటే, ఏడాదిలో 200 గ్రాములు దాటుతుంది. నిజంగా అంత కట్టకపోవచ్చు, కానీ సన్నటి గొట్టం మూసుకుపోవడానికి అందులో పిసరు చాలు.

## ఒక్కొక్క దారి

బోరు నీళ్లు. తెలంగాణ, రాయలసీమల్లో రాతినేల బోర్లకు కాఠిన్యం, క్షారత రెండూ ఎక్కువగా ఉండటం మామూలే. నేరుగా వాడితే పాల కాఫీ వరకు నెట్టుకు రావచ్చు, నల్ల కాఫీ చప్పబడుతుంది, మెషీన్ పాడవుతుంది. మరిగించి, చల్లార్చి, అడుగున పేరుకున్న తెల్లటి పొడి కదలకుండా పైనీళ్లు వంచుకుంటే బైకార్బనేట్‌తో ఉన్న కాఠిన్యం చాలావరకు పోతుంది, దానితోపాటే క్షారతా తగ్గుతుంది. ఖర్చు గ్యాసుది మాత్రమే. సల్ఫేట్, క్లోరైడ్‌లతో ముడిపడిన కాఠిన్యం మాత్రం ఎంత మరిగించినా పోదు.

నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఉన్నవారికి ఇది వర్తించదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ కాఫీ రుచి తర్వాతి మాట.

కొళాయి నీళ్లు. కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు సాధారణంగా బోరుకంటే చాలా మెత్తగా, అంటే కాఠిన్యం తక్కువగా ఉంటాయి. వాటిలో సమస్య క్లోరిన్ వాసన. రాత్రంతా మూత తీసి ఉంచినా, మరిగించినా అది చాలావరకు పోతుంది. కార్బన్ ఫిల్టరు అయితే వెంటనే పోతుంది. కార్బన్ కాఠిన్యాన్ని ఏమీ చేయలేదు, చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అపార్ట్‌మెంట్లలో మున్సిపల్ నీళ్లు, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. “మాది కృష్ణా నీళ్లే” అన్న భరోసా వేసవి వచ్చేసరికి చెల్లదు. ఊరి నీళ్ల అంకె పట్టుకుని లాభం లేదు, మీ వంటింటి కొళాయి కింద పట్టిన గ్లాసునే పరీక్షించాలి.

ఆర్ఓ. కాఠిన్యాన్నీ క్షారతనూ రెండింటినీ ఊడ్చేస్తుంది. పొర సమస్య తీరిపోతుంది. కానీ మరీ ఖాళీ అయిన నీళ్లకు రెండు దోషాలు. కాఫీ పులుపు పదునెక్కి, నోట్లో పలచగా ఉంటుంది. రాగి, ఇత్తడి బాయిలర్లను అలాంటి నీళ్లు తినేయగలవు. పైగా కొన్ని మెషీన్లు బాయిలర్‌లో నీటి మట్టాన్ని విద్యుత్ వాహకతతోనే పసిగడతాయి. లవణాలు మరీ తక్కువైతే ఆ సెన్సరుకు నీళ్లు కనబడక బాయిలర్ పొంగేదాకా నింపేస్తుంది.

అయితే మన ఆర్ఓ యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, అది కొంత ముడి నీటిని శుద్ధి నీటిలో కలుపుతుంది. కాఫీకి కావలసిన పనే అది. కంట్రోలర్ లేకపోయినా చేత్తో కలుపుకోవచ్చు. ఉదాహరణకు కాఠిన్యం 400, క్షారత 300 ఉన్న బోరు నీళ్లు ఒక వంతు, రెండూ 10 దగ్గర ఉన్న ఆర్ఓ నీళ్లు 7 వంతులు కలిపితే కాఠిన్యం 60 దగ్గరకు, క్షారత 46 దగ్గరకు వస్తాయి. ప్రమాణానికి ఇంత దగ్గరగా తెచ్చే ఖరీదైన పొట్లాలు బయట అమ్ముతుంటారు, ఇక్కడ గరిటెడు బోరు నీళ్లతో పని అయిపోయింది. కలిపే నీళ్లు ముందు మరిగించిన నీళ్లయితే ఈ లెక్క మారుతుందని మరవవద్దు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్నచోట ఈ కలపడం కూడదు.

ఆర్ఓ పారబోసే నీళ్ల సంగతీ ఆలోచించాలి. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్నచోట ఆర్ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. నది నీళ్లు వచ్చే ఇంటికి కాఫీ కోసమని ఆర్ఓ పెట్టించడం నా దృష్టిలో దుబారా.

క్యాన్ నీళ్లు. వీధి చివర ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్‌లో ఉండేది చాలావరకు ఆర్ఓ నీళ్లే. పొర కట్టదు, పాల కాఫీకి నిక్షేపంలా సరిపోతుంది. ఒక్కో ప్లాంటు ఒక్కోలా కలుపుతుంది కాబట్టి, నల్ల కాఫీ తాగేవారు క్షారత ఒకసారి చూసుకుంటే మంచిది. వారం వారం రుచి మారిపోతుంటే ప్లాంటు మార్చండి, పొడి మార్చకండి.

సాఫ్ట్‌నర్. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి ఆ చోట సోడియం పెడుతుంది. పొర కట్టదు, గీజరు బతుకుతుంది, వాషింగ్ మెషీన్ బతుకుతుంది. క్షారత మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. అంటే కాఫీని చప్పబరిచే గుణం చెక్కుచెదరకుండా కప్పులోకి వస్తుంది. పైగా సోడియం బైకార్బనేట్ ఎక్కువైన నీళ్లు పోస్తే కాఫీ పొడి ఉబ్బి డికాక్షన్ నెమ్మదిగా దిగుతుంది, చేదెక్కుతుంది. 400 కాఠిన్యం ఉన్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే లీటరుకు 180 మిల్లీగ్రాములకు పైగా సోడియం కొత్తగా చేరుతుంది. రక్తపోటు ఉన్నవారి ఇంట్లో ఇది ఆలోచించవలసిన సంగతి.

ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవారు ఆ నీళ్లను వంటింట్లో ఆర్ఓకు ఇస్తే ఆర్ఓలో నీటిని వడకట్టే మెంబ్రేన్ ఎక్కువ కాలం మన్నుతుంది. అలా రెండూ కలిస్తే బాగానే ఉంటుంది. కాఫీ కోసమని ఒక్క సాఫ్ట్‌నరే కొనడంలో మాత్రం అర్థం లేదు. గొట్టానికి చుట్టే అయస్కాంతాల పరికరాలూ అంతే: కాల్షియం నీటిలోనే ఉంటుంది, బైకార్బనేట్ నీటిలోనే ఉంటుంది, రుచి మారే దారి లేదు.

సొంతంగా కలుపుకున్న నీళ్లు. పట్టుదల ఉన్నవారికి ఇది. లవణాలు లేని శుద్ధమైన నీటిలో మనకు కావలసినంతే కలుపుకోవడం. ఒక లీటరు సీసాలో 2.45 గ్రాముల ఎప్సమ్ లవణం (మెగ్నీషియం సల్ఫేట్), ఇంకో లీటరు సీసాలో 1.68 గ్రాముల వంటసోడా కరిగించి పెట్టుకోవాలి. మొదటిదాని నుంచి 80 మిల్లీలీటర్లు, రెండోదాని నుంచి 40 మిల్లీలీటర్లు తీసి, మిగతాది శుద్ధమైన నీటితో లీటరుకు నింపితే కాఠిన్యం 80, క్షారత 40 వస్తాయి. ఎప్సమ్ లవణం మందుల దుకాణంలో దొరికే ఐపీ (మందుల ప్రమాణానికి తగిన) రకమే కావాలి, మొక్కలకు వేసేది పనికిరాదు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తాగడానికి తయారుచేసింది కాదు, చవకగా ఉందని దాని జోలికి పోవద్దు.

మెషీన్ క్షేమమే ముఖ్యమనుకునేవారికి ఇంతకంటే సులువైన దారి ఉంది: శుద్ధమైన నీటిలో లీటరుకు 0.1 గ్రాము పొటాషియం బైకార్బనేట్. క్షారత 50 వస్తుంది, కాల్షియం లేదు కాబట్టి పొర కట్టదు, లోహాన్ని తినదు, మట్టం సెన్సరూ పనిచేస్తుంది. రుచి కొంచెం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. ముదురుగా వేయించిన గింజలకు బాగా కుదురుతుంది.

## ఒక్క చూపులో

| నీళ్లు | పొర | నల్ల కాఫీ | పాల కాఫీ | ఎస్ప్రెసో మెషీన్ | శ్రమ, ఖర్చు |
|---|---|---|---|---|---|
| బోరు నేరుగా | బాగా కడుతుంది | చప్పన | ఫరవాలేదు | వద్దు | ఏమీ లేదు |
| బోరు మరిగించి వంచినవి | కొంత | మెరుగు | బాగుంటుంది | వద్దు | శ్రమ ఉంది, ఖర్చు తక్కువ |
| నది నీళ్లు, కార్బన్ ఫిల్టరు | తక్కువ నుంచి ఓ మోస్తరు | బాగుంటుంది | బాగుంటుంది | కాఠిన్యం కొలిచాకే | తక్కువ |
| ఆర్ఓ, ఏమీ కలపనివి | లేదు | పదునైన పులుపు | బాగుంటుంది | నేరుగా వద్దు | యంత్రం, ఫిల్టర్ల ఖర్చు |
| ఆర్ఓలో ముడి నీళ్లు కలిపినవి | తక్కువ | చాలా బాగుంటుంది | బాగుంటుంది | సరిపోతుంది | యంత్రం ఉంటే అదనంగా ఏమీ లేదు |
| సాఫ్ట్‌నర్ మాత్రమే | లేదు | చప్పన, చేదు | ఓ మోస్తరు | పొర ఉండదు, రుచి ఉండదు | ఎక్కువ |
| సొంతంగా కలిపినవి | లేదు | చాలా బాగుంటుంది | దండగ | అన్నింటికన్నా క్షేమం | శ్రమ ఎక్కువ |

## మీరు ఏ రకం?

పొద్దున, సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగే ఇల్లు. చికోరీలో కాపాడవలసిన పులుపు ఎటూ లేదు. పాలు, పంచదార పడ్డాక నీటిలోని చిన్న తేడాలు నాలుకకు అందవు. క్లోరిన్ వాసన, ఉప్పదనం లేకపోతే చాలు. ఇంట్లో తాగే నీళ్లు ఏవో వాటితోనే డికాక్షన్ వేయండి. నీళ్ల యంత్రానికి పెట్టే డబ్బుతో చికోరీ తక్కువ ఉన్న మంచి పొడి తెచ్చుకుంటే తేడా అప్పుడే తెలుస్తుంది.

నల్ల కాఫీ, పోర్ ఓవర్ (పొడి మీద వేడినీళ్లు పోసి వడకట్టే కాఫీ), అరకు గింజలు. మీకే నీళ్లు అన్నింటికన్నా ముఖ్యం. కిట్‌తో క్షారత కొలవండి. 40 నుంచి 75 మధ్య ఉంటే ఏమీ చేయనక్కరలేదు. 100 దాటితే ఆర్ఓతో కలపండి. సొంతంగా కలుపుకోవడం సరదా ఉంటేనే.

ఎస్ప్రెసో మెషీన్ కొన్నవారు, కొనబోతున్నవారు. మెషీన్ బడ్జెట్‌లోనే నీళ్ల ఖర్చు వేసుకోండి. రుచికి పరమావధి అనిపించే నీళ్లు బాయిలర్‌కు కాస్త ఎక్కువ కాఠిన్యమే కావచ్చు. అలాంటప్పుడు నేను మెషీన్ పక్షమే వహిస్తాను, కాఠిన్యం తగ్గించి క్షారతను మాత్రం నిలుపుకుంటాను. కప్పులో పోయే రుచి కొంచెమే, బాయిలర్ విప్పించే ఖర్చు కొంచెం కాదు.

చిన్న కాఫీ కొట్టు నడిపేవారు. రోజుకు వందల కప్పులంటే కలిపి పోసుకునే ఓపిక ఉండదు. ముడి నీళ్లు కలిపే వాల్వు ఉన్న ఆర్ఓ పెట్టించి, వారానికోసారి చుక్కల కిట్‌తో పరీక్షించండి. కుర్రవాడికి నేర్పడం పది నిమిషాల పని.

విదేశాల్లో ఉన్నవారు. సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కోల నీళ్లు సహజంగానే మెత్తన, అక్కడ క్లోరిన్ తీస్తే చాలు. లండన్ నీళ్లు సుద్దరాతి నేలల నుంచి వస్తాయి, బాగా కఠినం. అక్కడ దొరికే ఫిల్టరు జగ్గుల్లోని రెజిన్ కాల్షియంతోపాటు బైకార్బనేట్‌నూ తగ్గిస్తుంది. అందుకే అవి కాఫీకి సాఫ్ట్‌నర్ కంటే ఎంతో మేలు. కార్ట్రిడ్జ్ గడువు దాటితే మాత్రం అది ఉత్త జగ్గే.

## కట్టిన పొరను వదిలించడం

స్టీలు కెటిల్‌కు లీటరు గోరువెచ్చని నీటిలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి అరగంట ఉంచితే పొర నురగలు కక్కుతూ వదులుతుంది. రెండుసార్లు మంచి నీళ్లతో మరిగించి పారబోయండి. వెనిగర్ కూడా పనిచేస్తుంది, దాని వాసన మాత్రం ఓ పట్టాన వదలదు. అల్యూమినియం మోకా పాట్‌కు ఈ పుల్లని నీళ్లు పలచగా, కొద్ది నిమిషాలే. కళాయి పూసిన ఇత్తడి ఫిల్టరును అందులో నానబెట్టనే వద్దు.

ఎస్ప్రెసో మెషీన్‌కు తయారీదారు చెప్పిన మందు, చెప్పిన పద్ధతే వాడాలి. రెండు బాయిలర్ల మెషీన్లు కొన్నింటికి ఇంట్లో ఈ పని చేయవద్దని తయారీదారులే చెబుతారు, లోపల ఊడిన పెచ్చు వెళ్లి సన్నటి గొట్టంలో ఇరుక్కుంటుందని. బోరు నీటి కాఠిన్యం వానాకాలానికీ ఎండాకాలానికీ మారుతుంది కాబట్టి, ఆర్ఓలో బోరు నీళ్లు కలుపుకునేవారు మార్చిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చుక్కలు లెక్కపెట్టి పాళ్లు సరిచూసుకోవాలి.